లేమాన్ సరస్సు – ఫోరెల్ మహాశయుడు

జెనీవా సరస్సు అని లోకము పిలిచే జలరాశికి దాని తీరవాసులు పెట్టుకొన్న పేరు లేమాన్. ఆల్ప్స్ పర్వతములకు, జ్యూరా శ్రేణికి నడుమ నెలవంక ఆకారములో డెబ్బది కిలోమీటర్లకు పైగా పొడవున అది పరచుకొని ఉన్నది. వైశాల్యము 580 చదరపు కిలోమీటర్లు. మిక్కిలి లోతైన చోట 309 మీటర్లు. ఉత్తరపు ఒడ్డు స్విట్జర్లాండుది, దక్షిణపు ఒడ్డులో చాలభాగము ఫ్రాన్సుది. తూర్పున రోన్ నది హిమానీనదముల బూడిదరంగు నీటితో వచ్చి చేరి, పడమట జెనీవా నగరము వద్ద నిర్మలమైన నీలముగా వెలువడుతున్నది. రూసో, బైరన్, షెల్లీ ఆ తీరమున తిరుగాడినవారే కనుక మన ఆంగ్ల సాహిత్య విద్యార్థులకు ఆ సరస్సు పేరు క్రొత్త కాదు. అయితే ఆ ఒడ్డుననే పుట్టి, ఆ ఒడ్డుననే కన్నుమూసి, నడిమికాలమంతయు ఆ నీటిని గూర్చియే ఆలోచించిన ఫ్రాంస్వా ఆల్ఫోన్స్ ఫోరెల్ పేరు, విజ్ఞానశాస్త్రము చదివినవారికి తప్ప, మనలో ఎక్కువమందికి చేరలేదు. సరస్సులను గూర్చిన శాస్త్రమునకు ఆయన మూలపురుషుడు. ఆ శాస్త్రమునకు పేరు పెట్టినవాడును ఆయనయే.

ఫోరెల్ 1841 ఫిబ్రవరి 2వ తేదీన మోర్జ్ అను చిన్న పట్టణములో జన్మించినాడు. లోజాన్ నగరమునకు పడమటగా, ద్రాక్షతోటల నడుమ, పాతకోటయు రేవును గల ఊరు అది. ఆ యేడే అక్టోబరు 3వ తేదీన జెనీవా వద్ద సరస్సు నీరు ఉన్నట్లుండి పెరిగి, తగ్గి, మరల పెరిగి ఊగిసలాడినది. ఆ ఊపులో హెచ్చుతగ్గుల మధ్య అంతరము 1.87 మీటర్లు, అనగా నిలువెత్తు మనిషంత. అప్పటికి ఫోరెల్ ఎనిమిది నెలల పసివాడు. ఆ ఊపునకు కారణము చెప్పగలవాడు మోర్జ్ లో ఊయలలో ఉన్నాడని ఎవరికి తెలియును?

తండ్రి న్యాయవేత్త, చరిత్రయందు అభిరుచి గలవాడు. 1854లో స్విట్జర్లాండు సరస్సులలో నీరు బాగుగా తగ్గినప్పుడు జ్యూరిక్ ప్రాంతమున నీటి అడుగున పాతిన కొయ్యగుంజలు బయటపడినవి. అవి చరిత్రకు పూర్వపు మానవుల నివాసముల అవశేషములని కేలర్ అను పండితుడు ప్రకటించగా దేశమంతట సంచలనము పుట్టినది. మోర్జ్ ఎదుట కూడ అట్టి గుంజలు ఉన్నవి. ఆ యేడు ఆగస్టులో మోర్లో అను భూగర్భశాస్త్రవేత్త, అద్దము బిగించిన రేకుడొప్పను తలపై బోర్లించుకొని, పడవమీదినుండి గొట్టము ద్వారా గాలి అందుకొనుచు అడుగునకు దిగినాడు. పడవపై ఉన్నవారిలో పెద్ద ఫోరెల్ ఒకడు. నీటి అడుగున జరిగిన పురావస్తు పరిశోధనలలో ఇది తొలివరుసలోనిది. పదమూడేళ్ళ కుమారుడు ఈ అన్వేషణలలో తండ్రి వెంట తిరిగినాడు. సరస్సు అడుగు శూన్యము కాదనియు, అక్కడ ఏదో దాగియున్నదనియు ఆ బాలునికి ఆనాడే నాటుకొని యుండవలెను.

చదువు మాత్రము వైద్యమునకు సంబంధించినది. జెనీవా, మోంపెలియే, పారిస్ నగరములలో చదివి, జర్మనీలోని వుర్ట్స్‌బుర్గ్ లో వైద్యపట్టము పొందినాడు. 1870లో లోజాన్ విద్యాపీఠమున శరీరనిర్మాణ, శరీరధర్మ శాస్త్రముల ఆచార్యుడై ఇరువదియైదేండ్లు ఆ పని చేసినాడు. విద్యార్థులకు ఎముకలు, కండరములు బోధించి సాయంకాలమునకు సరస్సును చేరుకొనే ఈ ద్వంద్వజీవితము ఆయనకు భారమైనట్లు తోచదు. ఒక విధముగా అది లాభించినదనియే చెప్పవలెను. దేహమును చూచిన కంటితోనే ఆయన సరస్సును చూచినాడు. దానికి శ్వాస ఉన్నది, ఉష్ణోగ్రత ఉన్నది, ఆహారము ఉన్నది, నాడి కూడ ఉన్నది.

1869లో ఆయన మోర్జ్ ఎదుట దాదాపు 40 మీటర్ల లోతునుండి కొంత బురద పైకి తీసి సూక్ష్మదర్శినిలో పెట్టి చూచినాడు. అందులో ఒక సన్నని నులిపురుగు కదలాడుతున్నది. లోతునీట, చీకటిలో, చలిలో జీవము ఉండదని అంతవరకు చాలమంది నమ్మినారు. సముద్రము విషయములో కూడ పెద్దపెద్దవారు ఇట్లే భావించిన కాలము అది. ఒక్క పురుగు ఆ నమ్మకమును కూల్చినది. ఫోరెల్ అక్కడ ఆగలేదు. తాడు చివర చిన్న డోలు వంటి పాత్ర కట్టి, అడుగు గోకుచు, సరస్సు గరిష్ఠమైన లోతుల వరకు వెదకినాడు. పురుగులు, నత్తలు, చిన్న గుల్లలు, కన్నులు క్షీణించిన చిన్న జలచరములు ఎన్నో బయటపడినవి. స్విస్ సరస్సుల అగాధ జంతుజాలమును గూర్చి ఆయన 1885లో ప్రకటించిన గ్రంథము ఈ కృషి ఫలితము.

ఆయనకు కీర్తి తెచ్చినది మాత్రము నీటి ఊపు. జెనీవా జాలరులు దానిని సేష్ అని పిలిచేవారు. 18వ శతాబ్ది నుండి పండితులు దానిని గూర్చి వ్రాయుచునే ఉన్నారు. కొందరు రోన్ నది వరదలు కారణమనిరి, కొందరు భూకంపములనిరి. 19వ శతాబ్ది ఆరంభమున వోషే అను ప్రకృతిశాస్త్రవేత్త వాయుపీడనపు మార్పులతో దానికి సంబంధము ఉన్నదని గమనించినాడు. ఫోరెల్ 1869 నుండి ఈ సమస్యను పట్టుకొన్నాడు. ఆయన తొలి పరికరమును చూచి నేటి ప్రయోగశాలల వారు నవ్వవచ్చును. ఒడ్డున ఒక చిన్న గుంట, సరస్సునుండి దానికి ఒక గొట్టము, గొట్టములో తేలియాడు బెండు. సరస్సు పెరిగినప్పుడు నీరు గుంటలోనికి పారును; తగ్గినప్పుడు వెలుపలికి పారును. బెండు ఎటు వాలినదో చూచి, గడియారము చూచి, వ్రాసికొనుటయే. అలలు ఎంత రేగినను ఈ పరికరమునకు పట్టదు. నెమ్మదిగా కదలే ఊపు ఒక్కటే దానికి తెలియును.

ఈ బెండు చెప్పిన కథ ఇది. గాలియో, వాయుపీడనమో సరస్సు ఒక కొనను అదిమి పట్టి, పిమ్మట వదలివేయును. తొట్టిలో నీటిని ఒకవైపునకు వంచి నిలిపినట్లు సరస్సు మొత్తము ఇటునటు ఊగును. పొడవువెంట ఒక ఊపు పూర్తియగుటకు 73 నిమిషములకు పైగా పట్టును. అడ్డముగా మోర్జ్ నుండి ఎదుటి తీరమునకు ఊగు ఊపునకు పది నిమిషములు చాలును. బాజెల్ నగరపు గణితవేత్త మేరియన్ 1828లోనే తొట్టినీటి ఊపునకు ఒక సూత్రము కట్టి ఉంచినాడు. ఫోరెల్ కొలతలు దానితో పొందిక పొందినవి. జెనీవా వైపు సరస్సు ఇరుకై, లోతు తగ్గి ఉండుటచేత అక్కడ ఊపు పెద్దదగును. రోన్ వరదలతో గాని, భూకంపములతో గాని నిమిత్తము లేదు. ఆ పిమ్మట తన యింటి తోటలో, నీటిమట్టమును కాగితముపై తానే గీయు యంత్రము నిలిపి ఏండ్ల తరబడి ఆ గీతలను చదివినాడు. జాలరుల నోటిలోని ఆ సేష్ అను మాటను ఆయన మార్చలేదు. గ్రీకు లాటిను ధాతువులతో మరియొక మాట కట్టుట ఆయనకు కష్టము కాదు. అయినను తీరవాసుల మాటనే ఉంచినాడు. నేడు సముద్రశాస్త్రజ్ఞులు అన్ని దేశములలోను దానినే వాడుతున్నారు. గాలుల పేర్లును అంతే. ఈశాన్యపు చలిగాలి బీజ్, రోన్ లోయనుండి వీచునది వోడేర్, జ్యూరా నుండి దిగునది జోరాన్ – వీటినన్నిటిని పడవలవారి నోటినుండి ఏరి తన గ్రంథమున ఉంచినాడు. కట్ట, తూము, అలుగు, శిఖము అను నాలుగు మాటలతో మన రైతు చెరువు స్థితినంతటిని చెప్పగలడు. ఆ మాటలను మన శాస్త్రగ్రంథములలోనికి తెచ్చుకొనుటకు మనము ఎందుకు సంకోచింతుమో నాకు అర్థము కాదు.

ఆ రోజులలో సరస్సు నీటిమట్టము న్యాయస్థానము వరకు పోయినది. జెనీవా వారు నది ముఖమున కట్టిన అడ్డులవలన నీరు నిలిచి తమ పొలములు మునుగుతున్నవని ఎగువనున్న వో రాష్ట్రము వారు 1877లో వ్యాజ్యము వేసినారు. ఏడేండ్లు నడచి 1884లో రాజీతో అది ముగిసినది. జెనీవా వద్ద తలుపులతో మట్టమును క్రమపరచు ఏర్పాటు జరిగినది. నీటిమట్టపు కొలతకు విలువ ఏమో తీరవాసులకు అప్పుడు తెలిసివచ్చినది.

రోన్ నది సరస్సులో కలియు చోటును ఎవరు చూచినను ఒక సందేహము కలుగును. బూడిదరంగు నీరు కొంత దూరము కనిపించి, ఒక గీత గీసినట్లు ఆగి, మాయమగును. ఎక్కడికి పోయినది? సరస్సు అడుగును కొలిచిన ఇంజనీర్లకు నదీముఖమునుండి లోతులలోనికి పోవు పొడవైన లోయ ఒకటి నీటి అడుగున కనిపించినది. 1885లో ఫోరెల్ దీనికి సమాధానము చెప్పినాడు. హిమానీనదపు నీరు చల్లనిది, పైగా మెత్తని రాతిపొడితో నిండినది, కనుక బరువైనది. అది తేలక మునిగి, అడుగున మరియొక నదియై ప్రవహించును. దాని ప్రవాహమధ్యమున మేట పడదు, ఇరుప్రక్కల పడును. అట్లు గట్లు పెరిగి లోయ ఏర్పడును. సముద్రగర్భములోని మహాలోయల పుట్టుకను అర్థము చేసికొనుటకు తరువాతి తరముల వారికి ఈ ఊహ దారి చూపినది. దీని వెనుక మరియొక సంగతి కూడ ఉన్నది. నది తెచ్చినదంతయు సరస్సు పైననే ఉండిపోదు. కంటికి కనబడకుండ అడుగునకు చేరును. ఎగువ పొలములనుండి, ఊళ్ళనుండి కొట్టుకొని వచ్చు కల్మషమునకు సైతము ఇదే దారి.

ఇక రంగు. సరస్సు నీలమని కవులు అందురు. ఏ నీలము? ఫోరెల్ 1890 ప్రాంతమున ఒక కొలబద్ద చేసినాడు. మైలతుత్తమును అమ్మోనియాతో కలిపిన నీలిద్రవము ఒకటి, పొటాసియం క్రోమేటు పచ్చనిద్రవము ఒకటి. ఈ రెంటిని వేర్వేరు పాళ్ళలో కలిపి పదునొకండు గాజుగొట్టములలో పోసి మూసినాడు. మొదటిది శుద్ధ నీలము, చివరిది ఆకుపచ్చ కలిసిన పసుపు. గొట్టములను నీటి ప్రక్కన పట్టి ఏది సరిపోవునో చూచి అంకె వ్రాసికొనవలెను. జర్మను పండితుడు ఊలే దీనికి గోధుమవన్నె గొట్టములను చేర్చి 21 మెట్లుగా పొడిగించినాడు. పసిపిల్లల ఆటవలె కనిపించు ఈ గొట్టములు నేటికిని వాడుకలో ఉన్నవి. ఉపగ్రహములు పంపు సముద్రపు రంగును సైతము ఈ అంకెలలోనికి మార్చి, నూరేండ్లనాటి నావికుల లెక్కలతో సరిపోల్చుతున్నారు. శుద్ధజలము నీలము. నాచు పెరిగినకొలది పచ్చదనము వచ్చును. కనుక రంగు అనునది నీటిలోని జీవరాశి వ్రాసిన చిట్టా. తెల్లని బిళ్ళను తాడుతో దించి అది ఎంత లోతున కనుమరుగగునో చూచు సెక్కీ పద్ధతిని కూడ ఆయన విడువక పాటించినాడు. శీతకాలమున బిళ్ళ సగటున 12 మీటర్ల వరకు కనిపించినది. వేసవిలో అందులో సగమే.

హిమానీనదములను గూర్చియు, భూకంపములను గూర్చియు ఆయన చేసిన పనిని వివరించుటకు మరియొక వ్యాసము కావలెను. ఇటలీవాడగు రోస్సీతో కలిసి భూకంప తీవ్రతకు పది మెట్ల ప్రమాణము ఏర్పరచినాడు. 1894లో ఏర్పడిన అంతర్జాతీయ హిమానీనద సంఘమునకు తొలి అధ్యక్షుడైనాడు. ఇవి ఇతరులకు జీవితసాఫల్యములు. ఆయనకు సరస్సునుండి కాస్త దూరము నడచివచ్చిన షికార్లు.

1892లో లేమాన్ అను పేరుతోనే ఆయన మహాగ్రంథపు మొదటి సంపుటము వెలువడినది. రెండవది 1895లో, మూడవది 1904లో పూర్తియైనవి. రెండవ సంపుటము వచ్చిన యేడే ఆచార్యపదవిని వదలి మోర్జ్ లో స్థిరపడినాడు. భౌగోళికము, భూగర్భము, వాతావరణము మొదటి సంపుటములో. ఊపులు, ఉష్ణము, కాంతి, ధ్వని, రసాయనము రెండవదానిలో. ప్రాణులు, మానవచరిత్ర, నౌకాయానము, చేపలవేట మూడవదానిలో ఉన్నవి. ఈ శాస్త్రమునకు ఆయన లిమ్నాలజీ అని పేరు పెట్టినాడు. లిమ్నే అనగా గ్రీకున మడుగు, సరస్సు. మనము సరోవిజ్ఞానము అనవచ్చును. ఒక్క సరస్సునే పట్టుకొని కూర్చున్నాడని ఆయనను తక్కువ చేయువారు లేకపోలేదు. నాకు ఆ మాట సమంజసముగా తోచదు. భౌతికము ఒకరు, జంతుశాస్త్రము ఒకరు పంచుకొని చూచినంతకాలము సరస్సు ఎవరికిని కనబడలేదు. గాలి నీటిని ఊపును, ఊపు ప్రాణవాయువును లోతునకు చేర్చును, ఆ ప్రాణవాయువుతో అడుగుపురుగు బ్రతుకును – ఈ గొలుసు ఒకే మనిషి తలలో చేరినప్పుడే కనిపించినది.

ఉష్ణమును బట్టి సరస్సులను ఆయన మూడు తెగలుగా విభజించినాడు. నీరు 4 డిగ్రీల వద్ద మిక్కిలి బరువుగా ఉండును. పైనీరు ఎన్నడును అంతకు దిగనివి ఉష్ణజాతి; ఎన్నడును దానికి మించనివి ధ్రువజాతి; అటునిటు మారునవి సమశీతోష్ణజాతి. ఈ లెక్కన మంచుకొండల నీడనున్న లేమాన్ సైతము మన చెరువుల వలె ఉష్ణజాతిలోనిదే! చలికాలమున పైనీరు చల్లబడి, బరువెక్కి, క్రిందికి దిగునప్పుడే దాని లోతులకు ప్రాణవాయువు అందును. చలి చాలని యేడు ఆ దానము అడుగువరకు చేరదు.

ఫోరెల్ 1912 ఆగస్టు 7వ తేదీన మోర్జ్ లోనే మరణించినాడు. ఆయన చూచిన సరస్సు ఆయనతో పాటే పోయినదనుట అతిశయోక్తి కాదు. ఆయన గ్రంథములో ఉన్న ఫేరా అను స్థానిక మత్స్యజాతి 1920 ప్రాంతము తరువాత మరి కనబడలేదు. నేడు ఆ తీరపు భోజనశాలలలో ఫేరా అని వడ్డించునది బయటి సరస్సుల సంతతికి చెందిన దాని దాయాది. పేరు మిగిలినది, చేప మారినది.

అంతకంటె పెద్ద ఆపద రెండవ ప్రపంచయుద్ధము తరువాత వచ్చినది. ఊళ్ళ మురుగు, పొలముల ఎరువు, బట్టలుతుకు పొడులలోని ఫాస్ఫేటు, ఇవన్నియు సరస్సునకు చేరినవి. 1950వ దశకము చివర లీటరు నీటిలో 12 మైక్రోగ్రాములకు అటునిటుగా ఉన్న ఫాస్ఫరసు 1970వ దశకము చివరకు 90 వరకు పెరిగినది. అది నాచునకు మృష్టాన్నము. నాచు దట్టమై, చచ్చి, అడుగునకు రాలి, కుళ్ళుటలో లోతునీటి ప్రాణవాయువును తినివేసినది. ఫోరెల్ పురుగులలో శుద్ధజలమును కోరునవి తగ్గి, బురదను ఓర్చునవి పెరిగినవి. ఫ్రాన్సు, స్విట్జర్లాండు 1962లో ఒప్పందము చేసికొని ఉమ్మడి సంఘమును నెలకొల్పినవి. మురుగును శుద్ధిచేసి, అందులోని ఫాస్ఫరసును తొలగించు కేంద్రములు కట్టినారు. 1986లో స్విట్జర్లాండు ఉతుకుపొడులలో ఫాస్ఫేటును నిషేధించినది. ఫ్రాన్సు 2007 వరకు ఆగినది. ఫాస్ఫరసు క్రమముగా దిగి ఇరువది మైక్రోగ్రాములకు లోబడినది. పతనమెంతో, కోలుకొన్నది ఎంతో తెలియవలెనన్న వెనుకటి కొలత ఒకటి ఉండవలెను గదా! ఫోరెల్ బిళ్ళ లోతులు, రంగు అంకెలు, అడుగు జంతువుల జాబితాలు అక్కరకు వచ్చినవి. జెనీవా విశ్వవిద్యాలయమున జలశాస్త్రసంస్థకు ఆయన పేరు పెట్టినారు. జాక్ పికార్డ్ 1970వ దశకమున నిర్మించిన పరిశోధక జలాంతర్గామికి సైతము ఆయన పేరే.

కాని శీతకాలములు వెచ్చబడుతున్నవి. 2012లో సరస్సు అడుగువరకు కలిసినది. తరువాత పదేండ్లకు పైబడి అట్లు కలియలేదు. క్రొత్త అతిథులు సైతము దిగినవి. చారల గుల్ల 1962లో కనిపించినది. నల్లసముద్ర ప్రాంతపు క్వాగా గుల్ల 2015లో వచ్చినది. చారల గుల్ల ఒడ్డుకు దగ్గరగనే ఉండును. క్వాగా చల్లని చీకటి లోతులలో కూడ పెరుగును. నీటిని వడకట్టి అతిసూక్ష్మ జీవులను తినుటచేత నీరు తేటగా కనిపించును, చేపపిల్లల ఆహారము తరుగును. పట్టణములకు త్రాగునీటిని తెచ్చు గొట్టములను మూసివేయును. 1869లో ఫోరెల్ పురుగును చూచిన నలువది మీటర్ల బురద ఇప్పుడు ఆ గుల్లల క్రింద ఉన్నది. ఒకమారు స్థిరపడిన క్వాగాను సరస్సునుండి తొలగించు ఉపాయము ఇంతవరకు ఎవరికిని దొరకలేదు. ఇంకను సోకని సరస్సులను కాచుకొనుటకు, పడవను ఒక నీటినుండి మరియొక నీటికి తరలించునప్పుడు కడిగి, ఆరబెట్టి, అధికారులకు చెప్పి దించవలెనని స్విట్జర్లాండులోని పెక్కు రాష్ట్రములు నిబంధనలు చేసినవి.